పిడికెడు బియ్యంలో నలభై రెండు మాత్రలు

రేపల్లెలో ఆ ప్రాథమిక పాఠశాల వంటగదిలో ఎసరు మరిగేలోపు హెప్సిబా ఒక పని చేస్తుంది. గోడవైపు తిరిగి ఒకటి నుంచి యాభై దాకా పైకి లెక్కపెడుతుంది. ఆమెతో కలిసి వంట చేసే రూబీకి మొదట్లో నవ్వొచ్చేది.

"ఏంటొదినా, గోడకి అంకెలు నేర్పుతున్నావా?" అనేది.

ఇప్పుడు నవ్వదు. కూర తరుగుతూనే ఒక చెవి అటు పడేసి, యాభై దాకా వచ్చిందో లేదో తనూ వింటుంది.

హెప్సిబాకి నలభై తొమ్మిదేళ్లు. పదహారేళ్లుగా ఆ బడి పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతోంది. భర్త ఆదాముది ఆటో. కూతురికి పెళ్లయి ఒంగోలులో ఉంది. ఎవరి జోలికీ పోని మనిషి. చర్చిలో ఆడవాళ్ల సమాజంలో కీర్తన చదవాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరూ ఆమె వైపే చూసేవారు. వెనక బల్ల దాకా వినిపించే గొంతు ఆమెది.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం అలా చదువుతుండగానే ఆ గొంతు పోయింది. ఒక్కసారిగా పోలేదు. నాలుగు వచనాలు మామూలుగానే చదివింది. ఐదో వచనానికి మాట ముక్కులోంచి రావడం మొదలైంది. ఏడో వచనానికి నాలుక లేవలేదు. పుస్తకం పక్కావిడ చేతికిచ్చి కూర్చుండిపోయింది. తర్వాత కనురెప్పలు వాలిపోసాగాయి. హెడ్మాస్టరు, "పొద్దున్నే నిద్రమొహమేంటమ్మా?" అన్నాడు. తర్వాత తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం ముద్ద గొంతులో ఆగిపోయింది. కిందకి పోదు, పైకి రాదు. ఊపిరి లేదు. ఆదాము వీపు మీద గుద్దుతుంటే కళ్ల ముందు గోడ నల్లబడింది. ముద్ద ఊడి పడేదాకా ఎంతసేపైందో ఆమెకి తెలియదు. అర నిమిషమేనని ఆదాము అంటాడు. ఆ అర నిమిషం తర్వాత హెప్సిబా ఏ ముద్దనీ నమ్మలేదు.

తెనాలిలో నరాల డాక్టరు కృష్ణచైతన్య జబ్బు పేరు చెప్పాడు. మయస్థీనియా. నరం చెప్పిన మాట కండరానికి అందని జబ్బు. పని చేసే కొద్దీ కండరం అలిసిపోతుంది. మామూలుగా ఇచ్చే మందులు ఒకటి తర్వాత ఒకటి వాడారు. ఒకటి చాలలేదు, ఒకదానికి షుగరు వచ్చింది, ఇంకోటి కడుపుకి పడలేదు. అప్పుడు, యూరప్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు ఒక కొత్త మందు పరీక్షిస్తున్నారనీ, తెనాలి ఆసుపత్రిలో కూడా కొంతమందికి ఇస్తున్నారనీ చెప్పాడు. వీడియో తీస్తూ కాయితమంతా చదివి వినిపించారు. ఇష్టమేనా అని మూడుసార్లు అడిగారు. హెప్సిబా సంతకం పెట్టింది.

రోజుకి రెండు మాత్రలు. నాలుగు వారాలకొకసారి బుధవారంనాడు రేపల్లె ప్యాసింజరెక్కి తెనాలి వెళ్లాలి. వాడిన మాత్రల అట్టలు తిరిగి అప్పగించాలి. తర్వాత ఒకటి నుంచి యాభై దాకా పైకి లెక్కపెట్టాలి. మాట ఎక్కడ ముక్కులోకి జారితే అక్కడ సుజన గీత గీస్తుంది. సుజన ఆ పరీక్షల రికార్డు చూసే అమ్మాయి. మొదటిరోజు గీత పంతొమ్మిది దగ్గర పడింది. నాలుగు నెలలకి యాభై వచ్చింది. ఆరోజు రైల్లో హెప్సిబా పల్లీలు కొనుక్కుని, ఒక్కొక్కటే నమిలి మింగుతూ రేపల్లె దాకా వచ్చింది.

*

నిరుడు నవంబరు ఇరవయ్యో తేదీన సుజన అట్టలు లెక్కపెట్టి పక్కన పెట్టి, "ఆంటీ, ఒక మాట చెప్పాలండి. ఈ స్టడీ జనవరి ముప్పైతో ఆగిపోతుంది," అంది.

"ఆగిపోవడమేంటమ్మా? నాకు బాగానే ఉందిగా."

"మీకు బాగాలేక కాదు ఆంటీ. చట్టం మారింది."

"ఎక్కడ?"

"యూరప్‌లో."

హెప్సిబా సంచి తీసుకుని బయటికొచ్చింది. వరండాలో బల్ల మీద బసవేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. ఆయనదీ అదే జబ్బు, అదే మందు. బాపట్ల వ్యవసాయ కళాశాల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. ఇల్లు బాపట్లలోనే, పక్క పల్లెలో పొలం ఉంది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన గీత ఎప్పుడూ ముప్పై నాలుగు దాటలేదు. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాయితం అప్పటికే రెండుసార్లు చదివాడు.

"చూడమ్మా హెప్సిబా," అన్నాడు, ఫైలు విప్పినట్టుగా. "మందుల పరీక్షల మీద అక్కడి దేశాలన్నిటికీ కలిపి ఇరవై ఏళ్ల కిందట ఒక చట్టం చేశారు. మంచికే చేశారు. కానీ అదెలా తయారైందంటే, పరీక్ష ఒకటే, అర్జీ మాత్రం దేశానికొకటి. పెద్ద కంపెనీలకి గుమాస్తాలుంటారు, నెట్టుకొస్తారు. పాఠాలు చెప్పుకునే యూనివర్సిటీ వాళ్లు ఎక్కడ పడతారు? అందరూ మొత్తుకుంటే ఆ చట్టం రద్దు చేసి కొత్తది తెచ్చారు."

"మంచిదేగా సార్?"

"మంచిదే. అయితే పాత చట్టం కింద మొదలుపెట్టి ఇంకా నడుస్తున్న పరీక్షలన్నీ జనవరి ముప్పై లోపు కొత్తదాని కిందకి మారాలి. మారాలంటే మళ్లీ బండెడు కాయితం. మన వాళ్లకి అంత మంది మనుషుల్లేరు. చేతులెత్తేశారు. అక్కడ ఆపితే ఇక్కడా ఆగినట్టే."

"చిన్నోళ్లకి కష్టమవుతుందని ఆ చట్టం తీసేశారు. తీసేసేటప్పుడు చిన్నోళ్లే పడిపోయారు. అంతేనా సార్?"

"ముప్పై నాలుగేళ్లలో మా ఆఫీసులో ఒక్కడూ ఇంత సూటిగా నోటు రాయలేదు."

"పోనీ ఆ పాతదే ఉంచమని అర్జీ పెడితే?"

"ఎవరికి పెడతావ్?"

"అది మీకే తెలియాలి."

"రేపల్లె నుంచి వంటావిడ రాయునది ఏమనగా అని రాద్దామా? బాగానే ఉంటుంది. తెలుగు చదివేవాడు కావాలి గదా అక్కడ!" అని నవ్వాడు. నవ్వుతుండగానే ఎడమ కనురెప్ప కిందకి జారింది. వేలితో ఎత్తి పట్టుకున్నాడు.

తిరుగు రైల్లో హెప్సిబా పల్లీలు కొనలేదు. వేమూరు వచ్చింది, భట్టిప్రోలు వచ్చింది. జనవరి దాటి ఫిబ్రవరి ఒకటి వస్తుంది. తను అన్నం కలుపుకుంటుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. అక్కడితో ఆలోచన ఆగిపోయేది. మళ్లీ మొదటినుంచీ మొదలయ్యేది.

*

వాళ్ల చర్చిలో ఆడవాళ్లకి ఒక అలవాటుంది. పూట పూటా అన్నానికి బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి బియ్యం. నెలలో మొదటి ఆదివారం సమాజం వాళ్లు గోతాంతో ఇంటింటికీ వచ్చి పట్టుకెళ్తారు. ఆ బియ్యం బాపట్లలో చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టలుకి పోతాయి. ఇంట్లో ఎంత ఇబ్బందున్నా ఆ డబ్బాలో ఎవరూ చెయ్యి పెట్టరు. "మిగిలింది ఇవ్వడం కాదే. ముందు తియ్యాలి. తీసిన పిడికెడు ఎప్పుడూ తక్కువ చెయ్యదు," అని హెప్సిబా తల్లి చెప్పేది. హెప్సిబా ఊహ తెలిసినప్పటినుంచీ తీస్తోంది. తీసినందువల్ల ఏనాడూ అన్నం చాలకపోలేదు.

నవంబరు ఇరవై నాలుగు, ఆదివారం సాయంత్రం. రాత్రి వంటకి పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసింది. తర్వాత సాయంత్రపు మాత్ర అట్టలోంచి నొక్కి అరచేతిలో పెట్టుకుంది. తెల్లగా, చిన్నగా, జొన్న గింజకంటే కొంచెం పెద్దగా ఉంది. నోటి దాకా తీసుకెళ్లింది. ఆగింది. చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, మూతి ముడేసి, దేవుడి బియ్యంలో అడుగుదాకా దూర్చింది.

ఆలోచించి చేసిన పని కాదు. చెయ్యికి అలవాటైన పని. రోజుకో మాత్ర ముందు తీసి పెడితే, మందు ఆగిపోయాక కొన్నాళ్లు గడుస్తుంది. అట్ట ఖాళీగానే ఉంటుంది కాబట్టి తెనాలిలో అడగరు. అడిగి చేద్దామంటే భయం. ఉన్నవి కూడా లాక్కుంటారేమోనని.

మొదటి వారం తేడా తెలియలేదు. డిసెంబరు మొదటి ఆదివారం సమాజం వాళ్లు వచ్చినప్పుడు కవరు ముందే తీసి కొంగున కట్టుకుంది. రెండో వారం సాయంత్రాలు రెప్పలు బరువెక్కాయి. బడిలో గంజి వార్చేటప్పుడు గిన్నె ఒకవైపు ఒరిగింది. రూబీ చప్పున పట్టుకుంది.

"ఏంటొదినా, ఎక్కడ చూస్తున్నావ్? కాళ్ల మీద పడితే?"

"చెయ్యి జారిందే."

"నిన్న నలభై నాలుగు దగ్గర ఆపేశావ్. నేను విన్నా."

"పొయ్యి పొగకి," అంది హెప్సిబా.

డిసెంబరు పద్దెనిమిదిన తెనాలిలో సుజన గీత నలభై ఒకటి దగ్గర పడింది. డాక్టరు కృష్ణచైతన్య కాయితం చూసి, ఆమెని చూసి, మళ్లీ కాయితం చూశాడు.

"జ్వరం గానీ, జలుబు గానీ వచ్చిందా అమ్మా?"

"లేదండి."

"మందు ఎప్పుడైనా మానారా?"

"లేదండి."

పక్కన సుజన ఖాళీ అట్టలు చూపించింది. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"జాగ్రత్తగా వినండమ్మా. మన దేశపు నిబంధనల్లో ఒక దారి ఉంది. స్టడీ అయిపోయాక కూడా, ఆ మందు వల్ల మేలు జరుగుతోందనీ, వేరే మందు పనికిరాలేదనీ రుజువైతే, నేను సిఫారసు రాస్తే, ఈ పరీక్షల్లో రోగులకి అన్యాయం జరక్కుండా చూసే మా ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, ఆ మందు ఉచితంగా ఇవ్వమని యూనివర్సిటీని అడగొచ్చు. మీ పేరు మొదట రాద్దామనుకున్నా. సంక్రాంతి వల్ల వారం జరిపి జనవరి ఇరవై రెండున ఆఖరి పరీక్ష పెట్టారు. అప్పుడు కూడా ఇలాగే పడిపోతే మందు పనిచేయడం మానేసిందనే రాయాల్సి వస్తుంది. అర్థమైందా?"

"అర్థమైందండి."

నిజంగానే అర్థమైంది. దాచుకుంటున్న మాత్రే తన మందుని తీసేస్తోంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఎదురుగా బల్లమీద ఖాళీ అట్టలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో అబద్ధం. మూసుకుంది.

ఇంటికొచ్చాక మాత్రం మానేసిందా అంటే, మానలేదు. కమిటీ కంటికి కనబడేది కాదు. మాత్ర చేతిలో ఉంది. జనవరి ఎనిమిది నుంచి రెండు పూటలా వేసుకుంటే ఇరవై రెండుకి యాభై వచ్చేస్తుందని లెక్కేసుకుంది. అప్పటిదాకా తీసిపెట్టొచ్చు. రెండు వైపులా కాపాడుకున్నట్టవుతుంది.

*

జనవరి ఐదు, ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికే రెప్పలు నిలబడలేదు. అన్నం నాలుగు ముద్దలు తిని, గోడవైపు తిరిగి పడుకుంది. లేచేసరికి పొద్దు వాలింది. బియ్యం కొలిచి, పిడికెడు తీసి, డబ్బా మూత తెరిచింది.

డబ్బా ఖాళీగా ఉంది. తుడిచినట్టుంది.

"ఏమయ్యా, ఈ డబ్బా ఎవరు ముట్టుకున్నారు?"

"సమాజం వాళ్లొచ్చారుగా," అన్నాడు ఆదాము గుమ్మంలో ఆటో అద్దం తుడుచుకుంటూ. "నిద్రపోతున్నావని నేనే పోశా. పర్లేదు, నాకా మాత్రం చేతనవుద్ది."

సమాజంలో రూబీ కూడా ఉంది. హెప్సిబా ఆమెకి ఫోను చేసింది. మాట ముక్కులోంచి వస్తోంది. గోతాం మధ్యాహ్నం బస్సుకే బాపట్ల పంపించేశామంది రూబీ. హాస్టలు నంబరు కూడా చెప్పింది.

ఆ నంబరుకి ఫోను చేయాల్సింది. బియ్యం ముట్టుకోవద్దు, అందులో మందుంది అని చెబితే సరిపోయేది. చెబితే ఎవరు మీరు అంటారు, ఏం మందు అంటారు, వార్డెనుకి తెలుస్తుంది, తెనాలికి తెలుస్తుంది. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లి, గోతాం విప్పకముందే తీసుకొచ్చేస్తే ఎవరికీ తెలియదు. ఫోను పక్కన పెట్టేసింది. ఆ ఫోను చెయ్యకపోవడం గురించి ఆమె ఇప్పటికీ రూబీకి కూడా చెప్పలేదు.

తెల్లవారి మొదటి బస్సు చెరుకుపల్లి దాటేసరికి ఆమెకి వంటమనిషి తెలివి వచ్చింది. హాస్టల్లో పిల్లలు బడికి డబ్బాలు కట్టుకుని పోతారు. వాళ్లకి పొద్దున్నే వండాలి. ఐదింటికే గోతాం విప్పి ఉంటారు. బసవేశ్వరరావుకి ఫోను చేసింది.

బాపట్ల బస్టాండు దగ్గర ఆయన ఆటోలో కూర్చుని ఉన్నాడు. తలకి మఫ్లరు, జేబులో రెండు పెన్నులు. దారిలో అంతా విన్నాడు.

"ఎన్ని?"

"నలభై రెండు సార్."

"నలభై రెండు రోజులు సగం మందు మింగి, వాళ్ల ముందు నిలబడి అంకెలు చెప్పావా?"

"భయమేసింది సార్."

"నాకూ భయమే. భయమేసినోడు అబద్ధమాడాలని ఏ రూల్లో ఉందమ్మాయ్?" అన్నాడు. రైలు గేటు పడితే గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు.

హాస్టలు వంటావిడ పుల్లమ్మ లావుపాటి మనిషి. గుమ్మంలో హెప్సిబా ఊరి పేరు చెప్పగానే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రేపల్లె నుంచా? ఏంటమ్మా, ఇచ్చిన బియ్యం మళ్లీ కొలుచుకుపోడానికొచ్చావా?"

"గోతాం విప్పావా అక్కా?"

"విప్పకుండా ఎలా వండుతా? పులిహోర కలిపి డబ్బాలు కట్టి పంపించా. అరవై నాలుగు మంది."

"అందులో ఒక కవరు..."

"ఆ! నీదేనా అది? చేటలో పోస్తే తగిలింది. ముడి ఊడిపోయుంది. ఏదో పటికబెల్లమనుకున్నా."

కిటికీ గూట్లోంచి తీసి ఇచ్చింది. హెప్సిబా పీట మీద బోర్లించింది. తెల్లటి మాత్రలు తెల్లగా లేవు. చెమ్మకి పసుపు తిరిగి, అంచులు పిండిలా రాలుతున్నాయి. వేలు పెడితే రెండు ముక్కలయ్యాయి. ఇవి వేసుకుని ఫిబ్రవరి గడుపుదామనుకుంది తను. దానికి బాధపడే వ్యవధి లేదు. లెక్కపెట్టింది. ముప్పై అయిదు.

"మిగతావి?"

"బియ్యంలో బెడ్డలుంటే ఏరి పెరట్లోకి విసిరానమ్మా. అయిదో ఆరో."

బాదం చెట్టు కింద ఎండుటాకులు తప్పించి, హెప్సిబా, పుల్లమ్మ మోకాళ్ల మీద కూర్చుని వెతికారు. అయిదు దొరికాయి. ఇంకో అరగంట వెతికారు. అంతే.

రెండు లేవు.

పుల్లమ్మ పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పోయింది. బసవేశ్వరరావు ఎండ పడక మెట్ల మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెట్టు కింద హెప్సిబా ఒక్కతే ఉంది. చీమలు పట్టుకుపోయాయేమో. చేటలో పొట్టుతో పోయాయేమో. అరవై నాలుగు మంది అన్నంలో రెండు మాత్రలు ఏపాటి? ఈ కవరు కొంగున కట్టుకుని ఇప్పుడు బస్సెక్కితే ఇరవై రెండున యాభై లెక్కపెడుతుంది. డాక్టరు తన పేరు మొదట రాస్తాడు.

వంటగదిలోంచి పులిహోర పోపు వాసన వస్తోంది. పదహారేళ్లుగా ఆమె వండిన ఏ అన్నమూ తను ఒక ముద్ద తిని చూడకుండా పిల్లల కంచంలో పడలేదు. గొంతులో ముద్ద దిగని రోజుల్లో కూడా, ఒక్క మెతుకైనా నాలుక మీద పెట్టుకుని చూసేది. ఈ పూట పిల్లలు తిన్నదాంట్లో ఏముందో తనకి తెలుసు. వాళ్లకి తెలియదు.

ఫోను తీసి తెనాలికి చేసింది. సుజన ఎత్తింది.

"అమ్మా సుజనా, నేను హెప్సిబాని. నేను అబద్ధమాడాను. డాక్టరు గారికివ్వు తొందరగా."

కృష్ణచైతన్య ఆమెని ఏమీ అనలేదు. ఎన్ని మాత్రలు, ఎంతమంది, ఎన్నింటికి తిన్నారు, అంతే అడిగాడు. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వేసుకునే మందు కాదన్నాడు. రెండూ ఒకే పిల్ల డబ్బాలో పడి ఉంటే వాంతులు కావచ్చు, కళ్లు తిరగొచ్చు, ఒంటి మీద దద్దుర్లు రావచ్చు. బళ్లోంచి పిల్లల్ని కనుక్కోమనీ, రేపటి దాకా చూస్తుండమనీ వార్డెనుతో మాట్లాడాడు. స్థానికంగా తనకి తెలిసిన పిల్లల డాక్టరుకి ఫోను చేస్తానన్నాడు.

వార్డెను పెద్దావిడ. ఫోను పెట్టేసి హెప్సిబా వైపు తిరిగింది.

"దేవుడి బియ్యంలో దాచావా?"

"అవునండి."

"ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదా తల్లీ నీకు?"

"దాంట్లో ఎవరూ చెయ్యి పెట్టరండి," అంది హెప్సిబా. అని, తను ఏమందో తనకే వినబడి తల దించుకుంది.

బడికి మనిషిని పంపారు. ఎవరికీ ఏమీ కాలేదన్నారు. హెప్సిబా నమ్మలేదు. నాలుగున్నరకి పిల్లలు వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడింది. సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. ఒక్కొక్క పిల్ల లోపలికి వస్తుంటే కళ్లలోకి చూసింది. రెప్పలు చూసింది, చేతులు చూసింది, మాట్లాడించింది. "ఏం తిన్నావమ్మా? నీ పేరేంటమ్మా?" పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. అరవై మూడు మంది వచ్చారు. అరవై నాలుగో పిల్ల రాలేదు.

"ఒకరు తగ్గారండి!" అని అరిచింది. అరుపు అరుపులా రాలేదు. ముక్కులోంచి ఏదో గాలి వచ్చింది.

ఆ పిల్ల చెప్పు తెగి, చేత్తో పట్టుకుని, వంతెన దగ్గర నుంచి కుంటుకుంటూ వస్తోంది. పది నిమిషాలు ఆలస్యం. ఆ పది నిమిషాలూ హెప్సిబా గేటు ఊచ పట్టుకుని వదల్లేదు. తర్వాత పుల్లమ్మ వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

మర్నాడు పొద్దున కూడా పిల్లలందరూ బాగానే ఉన్నారు. ఆ రెండు మాత్రలు ఏమయ్యాయో ఎవరికీ తెలియలేదు.

*

రాత్రి హాస్టల్లోనే ఉండిపోయిన హెప్సిబా బాపట్ల నుంచే తెనాలి వెళ్లింది. సుజన పళ్లెంలో నలభై మాత్రలూ లెక్కపెట్టి, పొట్లం కట్టి, పైన తేదీ వేసింది.

"ఆంటీ, ఎన్నిసార్లు అడిగాను మిమ్మల్ని?"

"ప్రతిసారీ అడిగావమ్మా."

"నేనే కదా అట్టలు సరిగ్గా ఉన్నాయని రాసింది. ఇప్పుడు నా సంతకం మీద ఏం రాయాలి?"

లెక్కపెట్టమంటే హెప్సిబా లెక్కపెట్టింది. గీత ముప్పై ఒకటి దగ్గర పడింది.

కృష్ణచైతన్య తను రాయబోయేది ముందే చెప్పాడు. నవంబరు ఇరవై నాలుగు నుంచి సగం మందే వాడిందనీ, దాచిందనీ, అడిగితే అబద్ధం చెప్పిందనీ, తనే ఫోను చేసి చెప్పిందనీ, అన్నీ రాస్తానన్నాడు. ఇవాల్టి నుంచి పూర్తి మందు ఆదాము కళ్ల ముందు వేసుకోవాలి. ఇరవై రెండున ఎంతొస్తే అంత.

"వస్తుందాండి?"

"నాకు తెలియదమ్మా. కమిటీ ఏమంటుందో అసలే తెలియదు. మాట నిలబెట్టుకోని మనిషికి మందెందుకివ్వాలని అడిగేవాళ్లు కూడా ఉంటారు అందులో."

ఆ పదిహేను రోజులూ బడికి సంక్రాంతి సెలవులు కలిశాయి. ఇంట్లో పొయ్యి దగ్గర లెక్కపెట్టేది. ముప్పై మూడు. ముప్పై ఆరు. మళ్లీ ముప్పై మూడు. ఆదాము పక్కన నిలబడి మాత్ర నోట్లో వేసుకున్నాక నోరు తెరిచి చూపించమనేవాడు. మొదటిరోజు అతనికే సిగ్గేసింది. "డాక్టరు చెప్పాడని చేస్తున్నా హెప్సీ," అన్నాడు. ఆమె నోరు తెరిచే ఉంచింది. పూటపూటా బియ్యంలోంచి పిడికెడు తీస్తూనే ఉంది. మాత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతిసారీ చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

ఇరవై రెండున డాక్టరు, సుజన, ఇంకో కొత్త డాక్టరు ముందు కూర్చుని లెక్కపెట్టింది. ముప్పై దాటింది. నలభై దాటింది. నలభై నాలుగు దగ్గర నాలుక బరువెక్కింది. సుజన పెన్ను కాయితానికి దగ్గరగా వచ్చింది. హెప్సిబా పెన్నుని చూడ్డం మానేసి గోడ వైపు తిరిగింది, బళ్లో తిరిగినట్టే. నలభై ఎనిమిది దగ్గర గీత పడింది.

ఆ నెలాఖరులో కమిటీ కూర్చుంది. మందు తగ్గిస్తే పడిపోయి, పూర్తిగా ఇస్తే లేచిందని రాసిన కాయితం చూసి, అదే రుజువని ఒప్పుకున్నారట. ఒకరు మాత్రం వ్యతిరేకంగా రాశారట. ఏడాది పాటు మందు ఇమ్మన్నారు. యూనివర్సిటీ ఒప్పుకుంది. ఏడాది తర్వాత మళ్లీ చూస్తారు. మాత్రలు ఇప్పుడు నెలకి సరిపడా ఇవ్వరు. వారానికొకసారి తెనాలి వెళ్లి తెచ్చుకోవాలి. అది హెప్సిబా ఒక్కదానికే పెట్టిన షరతు.

బసవేశ్వరరావు పేరు సిఫారసులో లేదు. ఆయన ఒక్క మాత్ర కూడా మానలేదు. గీత ముప్పై నాలుగు దాటలేదు, అంతే.

"నేనూ నాలుగు మాత్రలు దాచి ఉండాల్సింది," అన్నాడు ఫోనులో. "ఇంటికి దగ్గరగా హాస్టలు కూడా ఉందాయె."

"అలా అనకండి సార్."

"ఊరికే అన్నాలే. పాత మందులే మళ్లీ మొదలుపెట్టారు. చూద్దాం."

అప్పటినుంచీ ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన ఫోను చేస్తాడు. ఇద్దరూ లెక్కపెట్టుకుంటారు. ముందు ఆమె, తర్వాత ఆయన. ఒకరి గొంతు ఎక్కడ జారిందో ఇంకొకరు చెప్పాలని ఒప్పందం. ఎవరి గొంతు జారడం వాళ్లకి వినబడదంటాడు ఆయన. ఆయనకి ఫిబ్రవరి మొదటి వారం ముప్పై రెండు. తర్వాత ముప్పై. తర్వాత కూడా ముప్పయ్యే.

మార్చి మొదటి ఆదివారం సమాజం వాళ్లు బియ్యం పట్టుకెళ్లిన కాసేపటికి ఫోను మోగింది. ఆమె యాభై చెప్పింది. ఆయన మొదలుపెట్టాడు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఇరవై రెండు తర్వాత అంకెల అంచులు అరిగిపోసాగాయి. ఇరవై నాలుగుకీ ఇరవై ఐదుకీ తేడా లేదు. ఆయన ఆపలేదు. ముక్కులోంచి గాలిని తోసుకుంటూ ముప్పై దాకా పోయి, దగ్గి, ఆగాడు.

"ఎంతదాకా వచ్చా?"

హెప్సిబా ఎడమచేత్తో తన గొంతు తడుముకుంది. తను చెప్పే అంకెని నమ్మే ఆయన ఈ పూట ముద్ద కలుపుకుంటాడని ఆమెకి తెలుసు. ముప్పై అనొచ్చు. ఆయన చెవికి అదే వినబడి ఉంటుంది.

"ఇరవై రెండు సార్."



"సరిగ్గా విన్నావా?"

"విన్నానండి. ఈ పూట అన్నం తినకండి. గంజి తాగండి, కూర్చుని. రేపు మొదటి రైలుకి తెనాలి రండి. నేనూ వస్తా."

"నీ మాత్రల రోజు రేపు కాదుగా?"

"కాదండి," అంది హెప్సిబా. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఆయన ఊపిరి వింటూ నిలబడింది.